యోహన్నా స్పీరి

యోహన్నా స్పీరి (జూన్ 12, 1827 - జూలై 7, 1901) స్విట్జర్లాండు దేశానికి చెందిన సుప్రసిద్ధ బాలసాహిత్య రచయిత్రి. ఈమె రచనలన్నీ జర్మను భాషలో ఉన్నాయి. ఆంగ్లానువాదాల ద్వారా ఈమెను ఎరిగిన మన పాఠకులు ఈమె పేరును జొహన్నా స్పైరీ అని పలకడం కద్దు. 1880, 1881 సంవత్సరాల్లో రెండు భాగాలుగా వెలువడిన "హైడీ" నవల ఈమెకు ప్రపంచఖ్యాతిని తెచ్చిపెట్టింది.

ఆల్ప్స్ పర్వతాల సౌందర్యం, తాతా మనుమరాళ్ళ అనుబంధం ఈ నవలకు ముఖ్య ఆకర్షణలని సాధారణంగా చెబుతారు. అంతగా ఎవరూ పట్టించుకోని విశేషం మరొకటి ఉన్నది. నడవలేని బాలిక, చూపు లేని వృద్ధురాలు, ఏళ్ళ తరబడి బడికి పోయినా చదవడం రాని బాలుడు, బెంగతో చిక్కి శల్యమై నిద్రలో నడిచే చిన్నపిల్ల - ఈ నలుగురూ ఒకే కథలో కనిపిస్తారు. ఈ కారణంగా ఎన్నో దేశాల పిల్లలకు అంగవైకల్యం అనే విషయం తొలిసారిగా పరిచయమైనది ఈ పుస్తకం ద్వారానే. అదే కారణంగా వికలాంగుల హక్కుల దృష్టితో బాలసాహిత్యాన్ని పరిశీలించినవారు తీవ్రంగా విమర్శించిన పుస్తకాలలో కూడా ఇది ఒకటి.

బాల్యం, కుటుంబం

యోహన్నా లూయీజ్ హోయిసర్ (ఇది ఈమె పుట్టింటి పేరు) జ్యూరిచ్ సరస్సుకు ఎగువన కొండలపై ఉన్న హిర్జెల్ గ్రామంలో జన్మించింది. (ఈ గ్రామం 2018లో హోర్గెన్ పురపాలికలో విలీనమైంది.) ఆరుగురు సంతానంలో ఈమె నాలుగవది. తండ్రి యోహాన్ యాకోబ్ హోయిసర్ ఆ ప్రాంతానికి వైద్యుడు, శస్త్రచికిత్సకుడు. తల్లి మేటా హోయిసర్-ష్వైట్సర్ ఆ ఊరి చర్చి గురువు కుమార్తె, భక్తి గీతాలు వ్రాసిన కవయిత్రి.

ఈమె పెరిగిన ఇంటిని ఊరివారు వైద్యుని ఇల్లు అని పిలిచేవారు. అది ఇల్లూ, ఆసుపత్రీ కూడా. తండ్రి శరీర రోగులకే కాక మానసిక రోగులకు సైతం చికిత్స చేసేవాడు. వారిలో కొందరిని తన ఇంటిలోనే ఉంచుకొనేవాడు. ఈ విధంగా అమ్మమ్మ, పినతల్లులు, తోబుట్టువులు, రోగులు అందరూ ఒకే కప్పు క్రింద మసలే వాతావరణంలో ఈమె బాల్యం గడచింది. జబ్బుపడినవారిని, మతి చలించినవారిని వేరే లోకానికి చెందినవారిగా కాక ఇంటిలోని మనుషులుగా చూడడం ఈమెకు చిన్ననాడే అలవడి ఉండాలి. తరువాతి కాలంలో ఈమె కథలలో రోగులు, బలహీనులు, అనాథలు అంత సహజంగా ప్రవేశించడానికి ఈ ఇల్లే మూలమని భావించవచ్చు.

ఈమె ముందుగా ఊరి బడిలోనూ, అటుపై జ్యూరిచ్‌లో బంధువుల ఇంట ఉండి ఆధునిక భాషలు, పియానో నేర్చుకున్నది. 1844లో ఫ్రెంచి నేర్చుకోవడానికి ఇవెర్దోఁ పట్టణానికి వెళ్ళింది. తిరిగివచ్చిన తరువాత వివాహమయ్యే వరకు ఇంటివద్ద ఉండి చెల్లెళ్ళకు చదువు చెప్పింది. ఆ కాలపు మధ్యతరగతి స్త్రీకి ఇంతకు మించిన విద్యావకాశం లేదు. మిగిలినది స్వయంగా చదివి సంపాదించుకున్నదే. గోథే రచనలంటే ఈమెకు ప్రాణం. హైడీ మొదటి భాగానికి పెట్టిన జర్మను శీర్షిక గోథే వ్రాసిన విల్‌హెల్మ్ మైస్టర్ నవలల పేర్లను తలపింపజేస్తుంది.

వివాహం, జ్యూరిచ్ జీవితం

1852లో యోహన్నా బెర్న్‌హార్డ్ స్పీరి అను న్యాయవాదిని వివాహమాడి జ్యూరిచ్ నగరానికి తరలివెళ్ళింది. ఆయన ఒక వార్తాపత్రికకు సంపాదకుడు కూడా. అప్పట్లో జ్యూరిచ్‌లో ప్రవాసంలో ఉన్న సంగీతకారుడు రిచర్డ్ వాగ్నర్‌కు ఆయన అభిమాని. 1868లో నగరపాలక సంస్థకు ముఖ్య కార్యదర్శి అయ్యాడు. పని ధ్యాసలో మునిగి ఇంటిపట్టున తక్కువగా ఉండే మనిషి.

గృహనిర్వహణ ఈమెకు నచ్చిన పని కాదు. 1855లో ఏకైక కుమారుడు బెర్న్‌హార్డ్ డీట్‌హెల్మ్ జన్మించాడు. గర్భవతిగా ఉన్న సమయం నుండి ఈమె తీవ్రమైన మానసిక క్రుంగుబాటుకు లోనైంది. ఆ స్థితి కొన్ని సంవత్సరాలపాటు కొనసాగింది. కవి కాన్రాడ్ ఫెర్డినాండ్ మేయర్ సోదరి బెట్సీ మేయర్ ఆ రోజుల్లో ఈమెకు ఆప్తురాలు. నగరంలో ఊపిరాడక పల్లెకోసం తపించే హైడీని చిత్రించిన రచయిత్రికి ఆ బాధ పుస్తకాల ద్వారా తెలిసినది కాదు.

రచనారంగ ప్రవేశం

ఈమె 40 సంవత్సరాలు దాటిన తరువాతనే రచనకు ఉపక్రమించింది. తల్లికి స్నేహితుడైన బ్రెమెన్ నగరపు మతగురువు ఒకరు ప్రోత్సహించగా వ్రాసిన మొదటి కథ 1871లో అచ్చయింది. త్రాగుబోతు భర్త చేతిలో హింసకు గురైన వ్రోనీ అను స్త్రీ కథ అది. దానిపై రచయిత్రి పేరు లేదు, పొడి అక్షరాలు మాత్రమే ఉన్నాయి. పిల్లల కోసం వ్రాసిన మొదటి పుస్తకం 1878లో గోథా నగరంలోని పెర్తెస్ ప్రచురణ సంస్థ ద్వారా వెలువడింది. దాని పేరు "హైమాట్‌లోస్", అనగా సొంత ఊరు లేనివారు అని అర్థం.

ఆ వరుసలో వచ్చిన పుస్తకాలన్నిటిపై ఇవి పిల్లలకూ, పిల్లలను ప్రేమించే పెద్దలకూ ఉద్దేశించినవని ముద్రించేవారు. ఇది అలంకారం కోసం చెప్పినది కాదు. స్పీరి కథలలో పిల్లలకు కలిగే కష్టాలలో చాలావరకు పెద్దల అజాగ్రత్త వలన, అపార్థం వలన కలిగినవే. కాబట్టి కథ ప్రక్కన కూర్చుని వినే పెద్దలకు కూడా అందులో చెప్పవలసినది ఉన్నది.

హైడీ

హైడీ మొదటి భాగం 1879 చివర, 1880 సంవత్సరం వేసిన ముఖపత్రంతో వెలువడింది. దానిపై కూడా రచయిత్రి పేరు లేదు. పుస్తకానికి లభించిన ఆదరణ చూసిన తరువాత 1881లో రెండవ భాగాన్ని తన పేరుతోనే ప్రకటించింది. 1880ల మధ్యకాలానికే ఆంగ్లానువాదం వచ్చింది. తరువాత యాభైకి పైగా భాషలలోకి అనువదింపబడింది.

కథ సంగ్రహంగా ఇది. తల్లిదండ్రులు లేని 5 ఏళ్ళ హైడీని ఆమె పినతల్లి డేటె తీసుకువచ్చి, మైయెన్‌ఫెల్డ్ పట్టణానికి ఎగువన కొండమీద ఒంటరిగా నివసించే తాతవద్ద వదలిపోతుంది. ఊరివారికి ఆ తాత అంటే భయం. హైడీకి కొండ, మేకలు, మేకల కాపరి పీటర్, అతని అంధురాలైన అవ్వ అందరూ ప్రీతిపాత్రులవుతారు. 8 ఏళ్ళ వయసులో పినతల్లి మళ్ళీ వచ్చి ఈ పిల్లను ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలోని ఒక ధనిక వర్తకుని ఇంటికి తీసుకుపోతుంది. అక్కడ చక్రాల కుర్చీకే పరిమితమైన 12 ఏళ్ళ క్లారాకు తోడుగా ఉండడం హైడీ పని. ఇంటిమీద బెంగతో హైడీ జబ్బుపడగా వైద్యుడు తిరిగి కొండకు పంపిస్తాడు. రెండవ భాగంలో క్లారా కొండకు వచ్చి, కొన్ని వారాలు తాత కుటీరంలో ఉండి, నడవడం నేర్చుకుంటుంది.

అంధురాలైన అవ్వ

వైకల్యాన్ని పిల్లలకు పరిచయం చేసే దృష్టితో చూస్తే నవలలో అత్యుత్తమమైన ఘట్టం క్లారా నడక కాదు, హైడీ మొదటిసారి పీటర్ ఇంటికి వెళ్ళిన సందర్భం. అవ్వకు చూపు లేదని హైడీకి తెలియదు. గదిలో చీకటిగా ఉన్నందువలన అవ్వకు కనబడడం లేదని అనుకుంటుంది. కిటికీ తలుపు తెరిస్తే వెలుతురు వస్తుందంటుంది. అది కాదని తెలిసి బయటి మంచు తెల్లదనంలోనైనా కనబడుతుంది కదా అంటుంది. అదీ కాదంటే వేసవి సాయంకాలం కొండలు ఎర్రబడే వేళనైనా కనబడుతుందేమోనని ఆశపడుతుంది. ఒక్కొక్క ఆశా వీగిపోగా చివరకు వెక్కి వెక్కి ఏడుస్తుంది. అంధత్వం అంటే ఏమిటో నిర్వచనం చెప్పకుండానే, ఒక చిన్నపిల్ల మనసులో ఆ అవగాహన మెట్టు మెట్టుగా ఏర్పడే క్రమాన్ని రచయిత్రి ఇక్కడ చూపింది.

ఆ తరువాత జరిగినది ఇంకా గమనింపదగినది. ఏడ్చే పిల్లను ఓదార్చేది అవ్వే. చూపు లేనివారికి వినడం ఎంత ఇష్టమో చెప్పి, తనతో కబుర్లు చెప్పమని ప్రక్కన కూర్చోబెట్టుకుంటుంది. గాలికి కొట్టుకొనే కిటికీ రెక్కల చప్పుడు విని ఇల్లు కూలిపోతుందేమోనని తాను భయపడుతున్నట్లు మాటలలో చెబుతుంది. హైడీ ఆ విషయం తాతతో చెబుతుంది. మరునాడు ఆయన సుత్తి తీసుకుని వచ్చి ఆ ఇంటిని బాగుచేస్తాడు. చూపును ఎవరూ ఇవ్వలేరు, కాని కొట్టుకొనే కిటికీని మేకులు కొట్టి ఆపవచ్చు. అవ్వ కష్టంలో తీర్చదగినదేదో, తీర్చలేనిదేదో పిల్లలకు ఇంత తేటగా విడదీసి చూపిన కథలు ఆ కాలంలో అరుదు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉండగా హైడీ అవ్వకోసం మెత్తని తెల్ల రొట్టెలు తన బట్టల బీరువాలో దాచిపెడుతుంది. గట్టి రొట్టె నమలడం అవ్వకు కష్టమని ఆ పిల్లకు గుర్తున్నది. తిరిగివచ్చిన తరువాత అవ్వ దగ్గరున్న పాత కీర్తనల పుస్తకాన్ని చదివి వినిపిస్తుంది. అంధుల కోసం లూయీ బ్రెయిల్ రూపొందించిన చుక్కల లిపిని 1878లో పారిస్ నగరంలో జరిగిన అంతర్జాతీయ సభ ఆమోదించింది. అనగా హైడీ వెలువడడానికి రెండేళ్ళు ముందు. కొండమీది పేద వృద్ధురాలి వరకు ఆ లిపి చేరే రోజులు కావవి. ఆమెకు చదువు మరొకరి గొంతు ద్వారానే అందవలసి ఉన్నది. కథ ముగిసేనాటికి కూడా అవ్వకు చూపు రాదు.

క్లారా, చక్రాల కుర్చీ

క్లారా జబ్బు ఏమిటో రచయిత్రి ఎక్కడా పేర్కొనలేదు. సూర్యరశ్మి, పాలు, కొండగాలి వలన నయమైనది కనుక అది విటమిన్ డి లోపం వలన వచ్చే రికెట్స్ కావచ్చునని కొందరు ఊహించారు. కథాకాలంలో కొండగాలి ఔషధమన్న నమ్మకం యూరపులో విస్తారంగా ఉండేది. 1860ల నుండి దావోస్ పట్టణం క్షయరోగుల ఆరోగ్యకేంద్రంగా పేరు పొందింది. క్లారా కూడా కొండకు రాక ముందు రాగాజ్ స్నానఘట్టాలలో చికిత్స పొందుతుంది. మైయెన్‌ఫెల్డ్ ఆ రెండు చోట్లకూ దూరం కాదు.

ఫ్రాంక్‌ఫర్ట్ ఘట్టాలలోని క్లారా దీనురాలు కాదు. ఓపిక గలది, హాస్యప్రియురాలు. హైడీ తెచ్చిపెట్టే గందరగోళానికి మనసారా నవ్వుతుంది. సంరక్షకురాలు రోటెన్‌మైయర్ కోపం నుండి హైడీని కాపాడేది ఆమే. ఆమెకు ఉన్న బాధ నడవలేకపోవడం కన్నా ఒంటరితనం. తల్లి లేదు, తండ్రి ఎప్పుడూ ప్రయాణాలలో ఉంటాడు, తోటి పిల్లలు లేరు. అందుకే ఇద్దరు పిల్లల స్నేహం జాలితో మొదలుకాదు.

రెండవ భాగంలో తాత పాత్రకు సంబంధించి ఒక చిన్న వివరం ఉన్నది. సంక్షిప్త ప్రతులలో దీనిని తరచు వదలివేస్తారు. ఆయన యౌవనంలో సైనికుడు. సిసిలీలో జరిగిన ఒక యుద్ధంలో తీవ్రంగా గాయపడి కదలలేని స్థితిలో ఉన్న తన దళనాయకుణ్ణి మోసుకువచ్చి, ఆయన మరణించే వరకు సేవ చేశాడు. క్లారాను నొప్పి కలగకుండా ఎలా ఎత్తాలో, ఎలా కూర్చోబెట్టాలో ఆయనకు తెలియడానికి కారణం ఇదే. ఊరంతా మొరటువాడని వెలివేసిన మనిషికి రోగిని తాకే పద్ధతి నగరంలోని పరిచారకుల కంటే బాగా తెలుసు. సేవ అనేది దయాగుణం మాత్రమే కాదు, నేర్చుకోవలసిన నైపుణ్యం కూడా అని ఈ వివరం తెలియజేస్తుంది.

క్లారా రాకతో హైడీ తనకు దూరమైందన్న అసూయతో పీటర్ చక్రాల కుర్చీని కొండమీద నుండి క్రిందికి త్రోసివేస్తాడు. అది ముక్కలైపోతుంది. కుర్చీ లేకపోవడంతో తాత క్లారాను ఎత్తుకుని మేకల మేతభూమికి చేరుస్తాడు. అక్కడ పూలను చూపించాలన్న ఆరాటంలో హైడీ, పీటర్ చెరొక ప్రక్కన పట్టుకోగా క్లారా తొలి అడుగులు వేస్తుంది. అంతకుముందు వారాలలో ప్రతిదినం కొద్దిసేపు నిలబడేటట్లు తాత ఆమెకు అభ్యాసం చేయించి ఉన్నాడు. కావున ఇది పూర్తిగా అద్భుతం కాదు. అయినా చదివినవారికి గుర్తుండేది అద్భుతమే.

పీటర్ తప్పు బయటపడినప్పుడు క్లారా నాయనమ్మ అతనిని శిక్షించదు. అతనికి ఉన్న ఏకైక స్నేహితురాలిని తాము లాక్కున్నామని ఆమె గ్రహిస్తుంది. చివరకు వారానికొక చిన్న నాణెం జీవితాంతం ఇచ్చే ఏర్పాటు చేస్తుంది.

చదువు రాని పిల్లలు

1874 నాటి స్విస్ రాజ్యాంగం ప్రాథమిక విద్యను ఉచితం, నిర్బంధం చేసింది. ఆ నేపథ్యంలో వచ్చిన ఈ నవలలో చదవడం నేర్చుకోవడం ఒక ప్రధాన విషయం. హైడీకి అక్షరాలు నేర్పలేక గృహోపాధ్యాయుడు చేతులెత్తేస్తాడు. ఈ పిల్లకు బుద్ధిమాంద్యం ఉన్నదేమోనని ఇంటివారు అనుమానిస్తారు. క్లారా నాయనమ్మ మాత్రం పిల్లను దగ్గరకు తీసుకుని విచారిస్తుంది. చదవడం ఎవరికీ సాధ్యం కాదని పీటర్ చెప్పిన మాటను హైడీ నమ్మిందని అప్పుడు తెలుస్తుంది. ఆమె ఒక బొమ్మల పుస్తకం చూపి, చదవడం వస్తే అది నీదే అంటుంది. కొద్దిరోజుల్లోనే హైడీ చదవసాగుతుంది. రాదు అన్న నిర్ణయానికి వచ్చే ముందు ఎందుకు రాదని అడగాలన్న సంగతి ఉపాధ్యాయులకు ఇంతకంటే సులువుగా చెప్పడం కష్టం.

హైడీ పీటర్‌కు నేర్పే పద్ధతి మాత్రం అంత ఆదర్శప్రాయం కాదు. ప్రతి అక్షరానికి ఒక బెదిరింపు పద్యం ఉన్న పుస్తకంతో, భయపెట్టి నేర్పుతుంది. పీటర్‌కు చదవడం వస్తుంది కాని అవ్వకు కీర్తనలు చదివి వినిపించేటప్పుడు కష్టమైన మాటలను దాటవేస్తాడు. రచయిత్రి ఈ సంగతిని నవ్వుతూ చెప్పి వదలివేసింది.

బెంగ అనే జబ్బు

ఫ్రాంక్‌ఫర్ట్‌లో హైడీ తిండి మాని, పాలిపోయి, రాత్రులు నిద్రలో నడుస్తుంది. ఇంటివారు దయ్యమని భయపడతారు. కాపలా కూర్చున్న వైద్యుడు నిజం గ్రహించి, దీనికి మందు లేదని, వెంటనే ఇంటికి పంపాలని చెబుతాడు. ఇంటిబెంగకు నోస్టాల్జియా అను వైద్యనామాన్ని 1688లో బాసెల్‌లో యోహానెస్ హోఫర్ తన సిద్ధాంతవ్యాసంలో ప్రతిపాదించాడు. పరదేశాలలో కొలువు చేసే స్విస్ సైనికులలో ఇది ఎక్కువని భావించి దీనిని స్విస్ జబ్బు అని కూడా అనేవారు. పిల్లల మనోవ్యాధిని మొండితనంగానో, దయ్యంగానో కాక జబ్బుగా గుర్తించి వైద్యుని చేత చెప్పించడం 1880 నాటి పిల్లల పుస్తకంలో చెప్పుకోదగిన విషయం. మానసిక రోగులున్న ఇంటిలో పెరిగి, తానూ క్రుంగుబాటును అనుభవించిన రచయిత్రి కావడం వలన ఇది సాధ్యమైంది.

విమర్శలు

వికలాంగుడైన పాత్ర చివరకు నయమై నడవడమో, లేక మరణించడమో 19వ శతాబ్దపు బాలసాహిత్యంలో ఆనవాయితీ. సుజన్ కూలిడ్జ్ 1872లో వ్రాసిన "వాట్ కేటీ డిడ్", బర్నెట్ 1911లో వ్రాసిన "ద సీక్రెట్ గార్డెన్", 1913 నాటి "పాలియానా" ఇదే కోవకు చెందినవి. చక్రాల కుర్చీ వాడే బ్రిటిషు రచయిత్రి లోయిస్ కీత్ 2001లో వెలువరించిన గ్రంథంలో హైడీతో సహా ఈ నవలలన్నిటినీ విశ్లేషించింది. నయం కావడం సత్ప్రవర్తనకు బహుమానంగా, నడవలేకపోవడం ఏదో లోపానికి గుర్తుగా ఈ కథలు చిత్రిస్తాయన్నది ఈ తరహా విమర్శల సారాంశం.

ఈ విమర్శను తేలికగా కొట్టివేయడానికి వీలులేదు. తరగతిలో ఈ కథ విన్న పిల్లలలో ఒకరు చక్రాల కుర్చీలో ఉంటే, తాజా గాలి, మేకపాలు, మనోబలం ఉంటే చాలునన్న ముగింపు ఆ పిల్లకు ఏమి చెబుతుంది? తాను తగినంత గట్టిగా ప్రయత్నించలేదని చెబుతుంది. తోటి పిల్లలకు కూడా అదే చెబుతుంది. పైగా క్లారాకు స్వేచ్ఛ నిచ్చిన కుర్చీ విరిగిపోవడం కథలో శుభంగా మారుతుంది. వాస్తవ జీవితంలో కుర్చీ విరిగిన పిల్ల మేతభూమికి కాదు, మంచానికి చేరుతుంది.

అలాగని పుస్తకాన్ని ప్రక్కన పెట్టడం కూడా సరికాదు. క్లారా ముగింపుకు సమాధానం అదే పుస్తకంలో అవ్వ రూపంలో ఉన్నది. ఆమెకు నయం కాలేదు. అయినా ఆమె జీవితం మెరుగుపడింది - ఇల్లు గట్టిపడింది, మెత్తని రొట్టె, వెచ్చని పరుపు లభించాయి, చదివి వినిపించే మనిషి దొరికింది. ఈ రెండు పాత్రలను ప్రక్క ప్రక్కన పెట్టి, ఎవరికి ఏది అవసరమైనదని పిల్లలను అడిగితే చర్చ సరైన దారిలో నడుస్తుంది. క్లారా నడవకపోయి ఉంటే వారి స్నేహం ఏమయ్యేదన్నది పిల్లలు సాధారణంగా తమంతట తామే వేసే ప్రశ్న. కొండమీది కుటీరానికి కుర్చీ వెళ్ళే దారి ఎందుకు లేదన్నది పెద్దలు వేయవలసిన ప్రశ్న.

సంక్షిప్త ప్రతులతో ఒక చిక్కు ఉన్నది. పేజీలు తగ్గించేటప్పుడు అవ్వ ఘట్టాలను కుదించి, కుర్చీ విరగడాన్ని, నడకను మాత్రం ఉంచుతారు. దానితో కథ మొత్తం ఒక అద్భుత చికిత్సగా మిగులుతుంది. తరగతిలో వాడదలచినవారు పూర్తి ప్రతిని, కనీసం అవ్వ ఇంటి ఘట్టాన్ని చదవడం మంచిది. తెలుగులో కథ చెప్పేటప్పుడు మాటల ఎంపిక కూడా ముఖ్యమే. కుంటి, గుడ్డి, అవిటి అన్న పాత మాటలు నేటి పిల్లల నోట ఎగతాళి పదాలుగా మారాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విభిన్న ప్రతిభావంతులు అన్న మాటను, కేంద్ర ప్రభుత్వం దివ్యాంగులు అన్న మాటను వాడుకలోకి తెచ్చాయి. అయితే క్లారాను చక్రాల కుర్చీ వాడే అమ్మాయి అని, అవ్వను చూపు లేని అవ్వ అని ఉన్నదున్నట్లు చెప్పడమే పిల్లలకు సులభంగా అర్థమవుతుంది.

జర్మను బాలసాహిత్యం తరువాతి కాలంలో మరో దారి పట్టింది. పీటర్ హెర్ట్‌లింగ్ 1973లో వ్రాసిన హిర్బెల్ అను బాలుని కథలో గాని, మాక్స్ ఫాన్ డెర్ గ్రూన్ 1976లో వ్రాసిన "ఫోర్‌ష్టాట్ క్రోకొడీలె" నవలలో గాని అద్భుత చికిత్స లేదు. రెండవ నవలలోని కుర్ట్ కథ ఆసాంతం చక్రాల కుర్చీలోనే ఉండి తోటి పిల్లల జట్టులో చేరతాడు. ఆ రచయిత కుమారుడు కూడా చక్రాల కుర్చీ వాడేవాడు. హైడీ చదివిన తరువాత చదివించడానికి ఇటువంటివి అనువైనవి.

హైడీ కథకు మూలం విషయమై కూడా ఒక వివాదం ఉన్నది. హెర్మన్ ఆడమ్ ఫాన్ కాంప్ 1830లో వ్రాసిన ఆల్ప్స్ బాలిక కథతో దీనికి పోలికలున్నాయని 2010లో ఒక జర్మను పరిశోధకుడు ప్రకటించాడు. ఆ పాత కథను స్పీరి చదివి ఉండవచ్చునన్నది ఊహ మాత్రమే.

ఇతర రచనలు

స్పీరి మొత్తం దాదాపు 50 కథలు వ్రాసింది. హైడీ ఖ్యాతి ముందు మిగిలినవి మరుగున పడ్డాయి. వీటిలో 1890 నాటి కొర్నెలీ కథ ప్రస్తుత విషయానికి దగ్గరగా ఉన్నది. తల్లిలేని కొర్నెలీ ముఖం ముడుచుకుంటే నుదుట కొమ్ములు మొలుస్తాయని పెద్దలు బెదిరిస్తారు. ఆ పిల్ల దానిని నిజమని నమ్మి, ఎవరికీ కనబడకుండా జుట్టును ముఖం మీదకు వేసుకుని తిరుగుతుంది. పెద్దలకు అది మొండితనంగా కనిపిస్తుంది. తన రూపంలో ఏదో వికారం ఉన్నదని కుమిలిపోయే పిల్లను, ఆ వికారం పెద్దల మాటలలోనే పుట్టిందని తెలిసిన రచయిత్రి చిత్రించిన కథ ఇది. హైడీ కంటే దీనిలో ఉపదేశం పాలు ఎక్కువైనా, నయం చేయవలసిన జబ్బేదీ లేకపోవడం వలన నేటి పాఠకులకు ఇబ్బంది కలిగించదు.

చివరి దశ

1884 సంవత్సరం ఈమెకు తీరని నష్టాన్ని మిగిల్చింది. న్యాయశాస్త్రం చదివిన కుమారుడు క్షయవ్యాధితో ఆ ఏడాది మే నెలలో 28 ఏళ్ళ వయసులో మరణించాడు. డిసెంబరులో భర్త మరణించాడు. కొండగాలి, పాలు క్లారాకు ఇచ్చిన స్వస్థత ఆమె కన్నకొడుకుకు దక్కలేదు.

ఆ తరువాత జ్యూరిచ్‌లోనే ఒంటరిగా నివసిస్తూ రచనలు కొనసాగించింది. నగరంలోని బాలికల ఉన్నత పాఠశాల పర్యవేక్షక సంఘంలో చాలాకాలం సభ్యురాలిగా ఉన్నది. అయితే స్త్రీల విశ్వవిద్యాలయ విద్యపై ఈమెకు అంత ఉత్సాహం ఉండేది కాదు. భర్త సోదరుని కుమార్తె ఎమిలీ కెంపిన్-స్పీరి 1887లో న్యాయశాస్త్రంలో డాక్టరేటు పొందిన తొలి స్విస్ మహిళ. స్త్రీ అయిన కారణంగా ఆమెకు న్యాయవాద వృత్తి చేయడానికి అనుమతి లభించలేదు. చివరకు ఆమె బాసెల్‌లోని ఒక మానసిక చికిత్సాలయంలో 1901 ఏప్రిల్‌లో మరణించింది.

యోహన్నా స్పీరి తన వ్యక్తిగత జీవితం గురించి వ్రాయడానికి ఇష్టపడలేదు. మిత్రుల వద్దనున్న తన లేఖలను తిరిగి తెప్పించుకున్నది. 1901 జూలై 7న జ్యూరిచ్‌లో మరణించింది. సీల్‌ఫెల్డ్ శ్మశానవాటికలో భర్త, కుమారుల చెంతనే ఈమెను ఖననం చేశారు.

గుర్తింపు

1937లో షిర్లీ టెంపుల్ నటించిన అమెరికన్ చిత్రం, 1952 నాటి స్విస్ చిత్రం, ఇసావో తకహతా దర్శకత్వంలో 1974లో జపానులో ప్రసారమైన 52 భాగాల యానిమేషన్ ధారావాహిక, 2015 నాటి చిత్రం హైడీ ఆధారంగా వచ్చినవాటిలో ముఖ్యమైనవి. ఈమె ఫ్రెంచి అనువాదకుడైన షార్ల్ ట్రిటెన్ 1930లలో హైడీకి కొనసాగింపు కథలు వ్రాశాడు. వాటికి స్పీరితో సంబంధం లేదు. 1951లో స్విస్ తపాలా శాఖ ఈమె చిత్రంతో తపాలా బిళ్ళ విడుదల చేసింది. 1981లో హిర్జెల్‌లోని పాత బడి భవనంలో ఈమె పేరిట ప్రదర్శనశాల ఏర్పాటైంది.

పిల్లల పుస్తకాల అంతర్జాతీయ సంస్థ ఇబ్బీ 1953లో ఈమె నివసించిన జ్యూరిచ్ నగరంలోనే ప్రారంభమైంది. వైకల్యం గల పిల్లల కోసం వ్రాసిన, వారిని గురించి వ్రాసిన పుస్తకాలను వివిధ దేశాల నుండి ఎంపిక చేసి జాబితాలు ప్రకటించడం ఆ సంస్థ కార్యక్రమాలలో ఒకటి. ఆ పుస్తకాల సంగ్రహం మొదట నార్వేలో ఉండేది, 2014లో కెనడాలోని టొరంటో ప్రజా గ్రంథాలయానికి తరలింది. 1968లో జ్యూరిచ్‌లో స్థాపించిన యోహన్నా స్పీరి ఫౌండేషన్ నుండి స్విస్ బాలసాహిత్య పరిశోధన సంస్థ రూపొందింది. హైడీకి, యోహన్నా స్పీరికి సంబంధించిన పత్రాల భాండాగారాన్ని 2023లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.